నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు: అసలు ఇది ఎప్పటిది? కారులో వెళ్లొచ్చా?

కావలి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది కావలి, ఉండేది కూకట్‌పల్లిలో. ఇన్నాళ్లూ పండక్కి రైల్లోనో ట్రావెల్స్ బస్సులోనో పడుకుని వెళ్లిపోయేవాణ్ని. ఈసారి కొత్త కారు, పక్కన భార్య, వెనక సీట్లో మూడేళ్ల పిల్లాడు. మ్యాప్ పెడితే నార్కెట్‌పల్లి దగ్గర కుడికి తిప్పి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా అద్దంకి తీసుకుపోతోంది. నాన్నేమో "ఆ అడ్డదారులు మనకెందుకురా, విజయవాడ మీదుగా రా" అంటున్నాడు. ఆయన చూసింది ఎప్పటి రోడ్డో మరి.

నాకు రెండు సంగతులు కావాలి. ఇది స్టేట్ హైవేనా, నేషనల్ హైవేనా? మ్యాప్‌లో మధ్యమధ్యలో నేషనల్ హైవే నంబర్లు కనిపిస్తున్నాయి. రెండోది, ఇంత దగ్గర దారి ఉండగా మా పెద్దవాళ్లంతా విజయవాడ తిరిగి ఎందుకు వెళ్లేవాళ్లు? చరిత్ర తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. రాత్రి ప్రయాణం సంగతి కూడా.

పిడుగురాళ్ల లారీ:

నాలుగు లేన్ల రోడ్డు తమ్ముడూ, భయమేం లేదు. విజయవాడ మీదుగా పోవడం కన్నా ఒంగోలుకి దాదాపు 90 కిలోమీటర్లు కలిసొస్తుంది. టోల్ మాత్రం ఉంది. మాడుగులపల్లి దగ్గర ఒకటి, మా పక్కన తుమ్మలచెరువు దగ్గర ఒకటి, నరసరావుపేట దాటాక ఇంకొకటి. కార్లకి తీసుకునే ఏడాది ఫాస్టాగ్ పాస్ ఇక్కడ పనిచేయదు, అది నేషనల్ హైవేలకే. ఆ పాస్ ఉంది కదా అని ఫాస్టాగ్‌లో డబ్బు లేకుండా వచ్చి గేటు దగ్గర గొడవ పడేవాళ్లని చూస్తూనే ఉంటాను. స్టేట్ హైవేనా కాదా అన్న నీ అనుమానం అక్కడే తీరిపోతుంది.

పేట డ్రైవర్:

బాబూ, నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. నరసరావుపేట డిపో. ఈ రోడ్డు సింగిల్ రోడ్డుగా ఉన్నప్పుడు తోలాను, డబుల్ అయ్యాక తోలాను, నాలుగు లేన్లు వేస్తూ సగం రోడ్డు తవ్వి పెట్టినప్పుడు తోలాను. అయిపోయాక హాయిగా తోలదామనుకునే సరికి రిటైర్మెంట్ వచ్చింది. కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక ఉంటే చదువు.

ఇది స్టేట్ హైవేనే. పొడవు 212 కిలోమీటర్లు. పైన నార్కెట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవేని వదిలి, కింద అద్దంకి దాటాక మేదరమెట్ల దగ్గర చెన్నై–కోల్‌కతా హైవేలో కలుస్తుంది. నువ్వు చూసిన నేషనల్ నంబర్లు దీన్ని అడ్డంగా కోసుకుపోయేవి, లేకపోతే కొంత దూరం దీంతో కలిసి నడిచేవి. నల్గొండలో నాగార్జునసాగర్ వైపు పోయే 565 తగులుతుంది. పేట దగ్గర గుంటూరు నుంచి వినుకొండ, అనంతపురం పోయే 544డి తోడవుతుంది, సంతమాగులూరు అడ్డరోడ్డు దాకా రెండూ ఒకటే. అక్కడ వాళ్లు వినుకొండ వైపు, మనం అద్దంకి వైపు.

ఇక నీ రెండో ప్రశ్న. ఇంత దగ్గర దారి ఉండగా పెద్దవాళ్లు ఎందుకు రాలేదంటావు. ఇదొక రోడ్డుగా పుట్టలేదు బాబూ, అందుకు. నల్గొండ వాళ్లకి నార్కెట్‌పల్లి పోయి హైదరాబాద్ బస్సు ఎక్కడానికి ఒక రోడ్డు. మిర్యాలగూడ వాళ్లకి జిల్లా కేంద్రానికి ఒక రోడ్డు. మా పల్నాడు వాళ్లకి గుంటూరు పోవడానికి ఇంకొకటి. పేట నుంచి అద్దంకికి నల్లరేగడి మీద మరొకటి. ఎవరి అవసరానికి వాళ్లు వేసుకున్నవి. హైదరాబాద్‌లో బయల్దేరి నెల్లూరు పోయేవాడు ఈ ముక్కలన్నీ అతికించుకుని రావాలన్న ఆలోచన ఎవరికీ లేదు. మధ్యలో కృష్ణ ఉంది మరి.

కృష్ణంటే ఒక్క ఏరు కాదు, సరిహద్దు. గుంటూరు సీమ 1788లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. అప్పట్నుంచి ఏటికి ఇవతల దొరల రాజ్యం, అవతల వాడపల్లిలో నిజాం రాజ్యం. అవతల ఒడ్డున కరోడ్‌గిరి నాకా, అంటే నిజాం సుంకం వసూలు చేసే చోటు. మా తాత మిరపకాయ బస్తాలతో దాటిన కథలు చెప్పేవాడు. వాడపల్లి పేరు సర్కారు కాగితాల్లో వజీరాబాద్. 1956లో రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాక గానీ ఈ ఒడ్డు రోడ్డూ ఆ ఒడ్డు రోడ్డూ ఒకే ప్రభుత్వం కిందికి రాలేదు.

రోడ్డుకి బరువు తెచ్చింది సాగర్. 1955 డిసెంబరులో నెహ్రూ పునాది రాయి వేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలింది. ఎడమ కాలవ నీళ్లు మిర్యాలగూడ వైపు, కుడి కాలవ నీళ్లు మా వైపు. మా పల్నాడు అంతకు ముందు ఏమిటో శ్రీనాథుణ్ని అడుగు, జొన్నకూడే గానీ సన్నన్నం లేని సీమ అని విసుక్కున్నాడు పాపం. కాలవలొచ్చాక రెండు ఒడ్లా వరి, మిర్యాలగూడ నిండా రైస్ మిల్లులు. కోతలప్పుడు ధాన్యం లారీ వెనక పడితే ఇక అంతే. గడ్డివాములా ఒరిగిపోతూ ముందు అది, వెనక మనం, ఎదురుగా ఇంకొకటి. వేములపల్లి దగ్గర ఎడమ కాలవ దాటుతావు, నకరికల్లు దగ్గర కుడి కాలవ. ఈ రెండు కాలవల మధ్యలో కృష్ణ. ఇంకో ఏరు గుండ్లకమ్మ, అద్దంకి దగ్గర.

కాలవల తర్వాత రాయి. వాడపల్లి నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ల దాకా భూమి కింద అంతా సున్నపురాయే. అందుకే నది రెండు వైపులా సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. పైన రాసిన లారీ తమ్ముడికి తెలుసు, వాళ్ల ఊళ్లో వేసవిలో బస్సు ఆపితే అద్దం మీద తెల్లటి పొర. వైపర్ తిప్పేవాళ్లం కాదు, ముందు నీళ్లు కొట్టాలి, లేకపోతే గీతలు పడతాయి.

రైలూ ఆలస్యంగానే వచ్చింది. గుంటూరు–మాచర్ల మీటర్ గేజి ఎప్పటిదో ఉంది గానీ, కృష్ణ మీదుగా బీబీనగర్ నుంచి నడికుడికి లైను పడింది 1980లలో. ఇవాళ నారాయణాద్రి, శబరి అన్నీ ఆ దారినే పోతాయి. రైలు చూపించిన దగ్గర దారిని రోడ్డు తర్వాత పట్టుకుంది, నా లెక్క అది. నెల్లూరు, తిరుపతి, చెన్నై ప్రైవేటు బస్సులు ఇటు మళ్లడం మొదలయ్యాక రోడ్డు తట్టుకోలేకపోయింది. అప్పటికింకా రెండు లేన్లే. రాత్రిళ్లు ఎదురు లైట్లు కళ్లలో గుచ్చేవి, డిమ్ కొట్టే మర్యాద ఎవరికీ లేదు.

నాలుగు లేన్ల పని 2010 తర్వాత ప్రైవేటు కంపెనీకి ఇచ్చి టోల్ పద్ధతిలో చేయించారు. 2014కి చాలావరకు అయిపోయింది. పొరుగూళ్లలో రోడ్డు వారన చింతచెట్లు చాలా పోయాయి. బస్టాండులోకి వెళ్లకుండా బైపాసులు వచ్చాయి. ఈ బైపాసుల మీద నాకు కోపం ఉంది. ఊరి పేరు బోర్డు మీద చూడటమే గానీ ఊరు కనపడదు. సొంత కారులో పోయేవాడికి మంచిదే అనుకో.

మీ నాన్నని తప్పు పట్టకు. ఆయన చూసిన రోడ్డు అడ్డదారే.

సంగమం టీచర్:

పేట డ్రైవర్ గారూ, బాగా చెప్పారు. మాది మిర్యాలగూడ దగ్గర, వాడపల్లిలో కొంతకాలం స్కూల్లో పనిచేశాను. ఒక మాట కలుపుతాను. సరిహద్దు పోయిందన్నారు కదా, మళ్లీ వచ్చింది. 2014 జూన్ 2 నుంచి కృష్ణ మీది మా వంతెనకి ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర. ఇటు మా వాడపల్లి చెక్‌పోస్టు, అటు పొందుగల చెక్‌పోస్టు. మామూలు రోజుల్లో కార్లని పట్టించుకోరు. కోతల సీజన్లో మాత్రం అటువైపు ధాన్యం లారీలు మిర్యాలగూడ మిల్లులకి వస్తుంటే ఆపుతారు, ఇక్కడి రైతుల ధాన్యం కొనడం అయిపోయాకే రమ్మంటారు. అప్పుడు లారీలు బారులు తీరుతాయి. పండగ తేదీలకీ ఆ సీజన్‌కీ పొత్తు కుదిరితే కాస్త ముందే ప్లాన్ చేసుకోండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించిన పిల్లలంతా ఈ వంతెన దగ్గరే ఆగిపోయారు. ఇటు వెళ్లమని పర్మిషన్ కాగితం, అటు రానిచ్చేది లేదని పోలీసులు. మా ఊళ్లవాళ్లు అన్నం, మంచినీళ్లు పట్టుకెళ్లారు. నాకైతే ఆ రెండు రోజులే నిజమైన సరిహద్దు కనపడింది.

కావలి అబ్బాయి గారూ, పిల్లాడు విసుక్కుంటే వాడపల్లిలో ఆగండి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే మూసీయేనా అనిపిస్తుంది. పులిచింతల డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లు పైదాకా నిలిచి ఇంకా బాగుంటుంది. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి, కొంచెం ఇవతల లక్ష్మీనరసింహస్వామి గుడి. నరసింహస్వామి ముందు రెండు దీపాలు పెడతారు. ఒకటి కదలదు, స్వామి ముక్కు ఎత్తులో ఉన్నది మాత్రం ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుందని చూపిస్తారు. మా స్కూలు పిల్లలు దాని మీద పందేలు కట్టేవాళ్లు. అగస్త్యేశ్వరుడి లింగం తల మీద ఉన్న గుంటలో నీళ్లు ఎంత తీసినా తరగవంటారు. 2016 పుష్కరాలకి కొత్త ఘాట్లు కట్టారు గనక దిగడానికి ఇబ్బంది లేదు, కానీ పిల్లాడి చెయ్యి వదలొద్దు.

అక్కడ రెడ్డిరాజు అనవేముడి కాలం శాసనం ఉంది. ఆ రెడ్లు మొదట రాజ్యం చేసింది ఎక్కడనుకున్నారు? అద్దంకిలో. ప్రోలయ వేమారెడ్డి రాజధాని అదే, ఎర్రాప్రగడ ఉన్నది ఆయన ఆస్థానంలోనే. తర్వాత కొండవీడు వెళ్లారు. కాబట్టి డ్రైవర్ గారూ, ఈ ముక్కలన్నీ అతికించుకుని రావాలన్న ఆలోచన ఎవరికీ లేదంటే నేను ఒప్పుకోను. అద్దంకి వాళ్లు కృష్ణ దాకా వచ్చి గుడికి దానాలిచ్చి వెళ్లారంటే దారి ఉన్నట్టే కదా.

పేట డ్రైవర్:

అమ్మా, రాజులు గుర్రాల మీద వచ్చారు, వాళ్లకి దారెందుకు? నేను చెప్పింది బస్సు సంగతి. అయినా అద్దంకి పేరెత్తారు గనక, అక్కడ ఇంకా పాతది ఉంది. పండరంగడి శాసనం, 848 నాటిది. పండరంగడు తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాపతి. అందులో తరువోజ పద్యం ఉందని, తెలుగులో మనకి దొరికిన మొదటి పద్యాల్లో అదొకటని మా తెలుగు మాస్టారు బోర్డు మీద రాసి చెప్పేవారు. ఆ పద్యంలో కూడా ఒకణ్ని కొట్టి ఊరు పట్టుకోవడమే కదా, దారి ఖర్చులు ఎవరూ రాయలేదు.

రోడ్డు మేస్త్రి:

నేను సివిల్ ఇంజినీర్ని, ఈ రోడ్డు మీద కాదు గానీ పల్నాడులో వేరే పనులు చేశాను. చరిత్ర మీరు చెప్పారు, నేను కింద మట్టి సంగతి చెబుతాను. పేట దాటాక సంతమాగులూరు నుంచి అద్దంకి వైపు కారు కొన్నిచోట్ల మెల్లగా ఊగినట్టు ఉంటుంది, గుంత ఏమీ కనపడదు. దాన్ని చూసి కాంట్రాక్టరు తిన్నాడనేస్తారు. తినలేదని నేను అనను. కానీ అక్కడ నేల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారి కుంగుతుంది. పైన ఎంత మందం తారు వేసినా కింద నేల ఏటా లేచి పడుతుంటే రోడ్డు అలలు తేలుతుంది. అందుకే అలాంటి చోట కింద మంచి గ్రావెల్ మట్టి పోసి ఎత్తు పెంచాలి, పక్క కాలవల్లో నీళ్లు నిలవకుండా చూడాలి. ఇంకో పద్ధతి, నేలలో సున్నం కలిపి తొక్కిస్తే ఉబ్బడం బాగా తగ్గుతుంది. సున్నం ఎక్కడిదంటారా? పిడుగురాళ్ల ఉంది కదా, అదే రోడ్డు మీద.

వాడపల్లి–పిడుగురాళ్ల మధ్య కింద రాయి గనక ఈ బాధ తక్కువ. అక్కడ బరువు లారీల బాధ ఎక్కువ, ఎడమ లేనులో టైర్ల జాడ పడి ఉంటుంది. వానలో ఆ జాడలో నీళ్లు నిలుస్తాయి. కారు వేగంగా అందులోకి దిగితే స్టీరింగ్ చేతిలో ఉండదు. వాన పడుతుంటే 70 దాటొద్దు.

కావలి కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించా, నల్లరేగడి దగ్గర "చూశావా" అన్నాడు, 90 కిలోమీటర్లు ఆదా దగ్గర ఏమీ అనలేదు. వాడపల్లిలో తప్పకుండా ఆగుతాం టీచర్ గారూ. డ్రైవర్ గారూ, ఒక్కటే మిగిలింది. రాత్రి పది తర్వాత బయల్దేరదామా, తెల్లవారుజామునా? పిల్లాడు రాత్రయితే పడుకుంటాడని మా ఆవిడ అంటోంది.

పేట డ్రైవర్:

తెల్లవారుజామునే బయల్దేరు. అమ్మాయికి నేను చెప్పానని చెప్పు. పిల్లాడు పడుకుంటాడు, నిజమే, రెండింటికి నువ్వూ పడుకుంటావు. రాత్రి బస్సు డ్రైవర్లకి పగలు నిద్రపోయే అలవాటుంటుంది. ఆఫీసులో కూర్చుని వచ్చినవాడికి ఉండదు.

నాలుగు లేన్లు కదా అని జనం ఈ రోడ్డు మీద మోసపోతారు. మధ్యలో డివైడర్ ఉన్నా ఊరూరికీ దాన్ని కోసి వదిలిన సందులున్నాయి. పొలం నుంచి వచ్చే ట్రాక్టరు యూ టర్న్ దాకా పోయే ఓపిక లేక ఎదురుగా మన లేనులోనే వస్తుంది, లైటు ఉండదు. ఒక వైపు రెండు లేన్లలో ఒకదాని మీద వడ్లు ఆరబోసుకుంటారు, చుట్టూ రాళ్లు పెడతారు, ఆ రాళ్లు రాత్రి కనపడవు. టీ తాగడానికి ఆపిన లారీ రోడ్డు అంచునే ఉంటుంది. నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న పోయింది ఈ రోడ్డు మీదే, నల్గొండ దగ్గర అన్నెపర్తిలో, తెల్లారి వేళ. నెల్లూరు వైపు పెళ్లికి పోతూ తనే కారు నడుపుతున్నారు. రోడ్డు ఖాళీగా కనపడే వేళ అది. వెనక సీటులో వాళ్లకీ బెల్టు పెట్టించు, పిల్లాడికి సీటు కొనకపోతే కొను.

ఇంకో మాట, అమావాస్య, శివరాత్రి ఈ రెండు రోజులూ తగలకుండా చూసుకుని బయల్దేరు. అమావాస్య అయితే నార్కెట్‌పల్లి దాటగానే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్టకి జనం విరగబడతారు, ఆటోలు, ట్రాలీలు రోడ్డంతా. శివరాత్రి అయితే పేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్ల. ఊరూరి నుంచి ప్రభలు కట్టుకుని వస్తారు, అవి తాటిచెట్టంత ఎత్తుంటాయి, కరెంటు తీగలు విప్పి మరీ తీసుకెళతారు. ఆ రోజు పేట దరిదాపుల్లోకి రావద్దు. చూడాలనుకుంటే మాత్రం ఆ రోజే రా, మా ఇంట్లో దిగు.

టిఫిను మిర్యాలగూడలో చెయ్యి. పిడుగురాళ్లలో అద్దాలు ఎత్తుకో. అద్దంకి దాటి గుండ్లకమ్మ వంతెన ఎక్కావంటే ఇక అయిపోవచ్చినట్టే, మేదరమెట్ల దగ్గర పెద్ద హైవే తగులుతుంది. కుడికి ఒంగోలు, ఎడమకి చిలకలూరిపేట. నిద్రమత్తులో ఎడమకి ఎక్కి మార్టూరు దాకా పోయినవాళ్లు నాకు తెలుసు.